గడ్డకట్టిన నేల మీద కంకర రోడ్డు: డెంప్‌స్టర్ హైవే ప్రయాణం

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమని అడిగినప్పుడే సెక్రటరీగారు ఒక షరతు పెట్టారు. "ఫొటోలు తగ్గించండి సార్, పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ నయాగరా చూపించి అందర్నీ నిద్రపుచ్చుతున్నారు" అన్నారు. సరేనని ఐదారు ఫొటోలతో సరిపెట్టాను. వాటిలో నయాగరా లేదు, భయపడకండి. (నవ్వులు)

నేను చెప్పబోయేది కెనడా ఉత్తరాన ఉన్న ఒక రోడ్డు గురించి. పేరు డెంప్‌స్టర్ హైవే. యూకాన్ అనే ప్రాంతంలో డాసన్ సిటీకి 40 కిలోమీటర్ల ఇవతల మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఉత్తరంగా సుమారు 740 కిలోమీటర్లు వెళ్ళి ఇనువిక్ అనే ఊరు చేరుతుంది. ఒకప్పుడు అక్కడితో ఆఖరు. 2017లో ఇంకో 138 కిలోమీటర్లు కలిపి టక్టోయాక్టక్ అనే సముద్రపు ఒడ్డు ఊరి దాకా పొడిగించారు. ఆ సముద్రం ఆర్కిటిక్. కెనడాలో కంకర రోడ్డు మీద కారు నడుపుకుంటూ ఆర్కిటిక్ ఒడ్డుకి వెళ్ళగలిగే దారి ఇదొక్కటే.

యూకాన్ వైశాల్యం 4,82,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే 2,75,000. అంటే మన రెండు రాష్ట్రాలనీ తీసుకెళ్ళి అక్కడ పెట్టినా ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 40,232 మంది. మన దగ్గర ఒక మోస్తరు మండలంలో ఉండే జనం. అందులోనూ ముప్పాతిక వంతు దాకా రాజధాని వైట్‌హార్స్‌లోనూ, దాని చుట్టుపక్కలా ఉంటారు. మిగతాదంతా అడవి, కొండ, బయలు.

నేను ఆర్ అండ్ బీలో పని చేసి రిటైరైనవాణ్ణని ఇక్కడ చాలామందికి తెలుసు. కొండలూ నదులూ బాగున్నాయి, వాటి గురించీ చెప్తాను. కానీ నా కళ్ళు ఎక్కువసేపు చూసింది చక్రాల కిందనే. ఏ రోడ్డైనా కింద ఉన్న నేలని బట్టి ఉంటుంది. అక్కడి నేల మనం ఉద్యోగంలో నేర్చుకున్నదంతా తలకిందులు చేసే రకం.

మా అమ్మాయీ అల్లుడూ ఎడ్మంటన్‌లో ఉంటారు. ఆగస్టు ఆఖర్లో సెలవు పెట్టుకుని, వైట్‌హార్స్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ బండి అద్దెకు తీసుకున్నాం. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. అద్దె కార్ల కంపెనీలు చాలావరకు కంకర రోడ్ల మీద తిప్పకూడదని ఒప్పందంలోనే రాసుకుంటాయి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, మనం చదవం. ఏదైనా అయితే ఇన్సూరెన్సు వర్తించదు. డెంప్‌స్టర్ మీదకి పంపడానికి ఒప్పుకునే వాళ్ళని వెతుక్కోవాలి. మా అల్లుడు ముందే ఫోన్లు చేసి, రెండు స్పేర్ టైర్లున్న పికప్ ట్రక్కు ఒకటి కుదిర్చాడు.

వైట్‌హార్స్ నుంచి రోడ్డు మొదలయ్యే కూడలి దాకా దాదాపు 500 కిలోమీటర్లు. అక్కడ ట్యాంకు నిండా కొట్టించుకోవాలి, ఎందుకంటే తర్వాతి పెట్రోలు బంకు 369 కిలోమీటర్ల అవతల ఈగిల్ ప్లెయిన్స్‌లో. విజయవాడ నుంచి విశాఖ దాకా ఒక్క బంకు, ఒక్క టీకొట్టు, ఒక్క సెల్ టవరు లేకుండా ఊహించుకోండి. తుని లేదు, అన్నవరం లేదు, దారిలో ఊరన్నదే లేదు. ఫోన్ సిగ్నల్ కూడలి దాటిన కాసేపటికే పోయింది. మా అమ్మాయి ఫోన్‌ని రెండు మూడు సార్లు పైకెత్తి చూసి, బ్యాగులో పడేసింది.

ఇప్పుడు నేల సంగతి. మన డిపార్టుమెంట్ వాళ్ళు ఇక్కడ నలుగురైదుగురు కనిపిస్తున్నారు కాబట్టి వాళ్ళని ఒకటి అడుగుతాను. కొత్త రోడ్డు ఎస్టిమేట్‌లో మొదటి ఐటం ఏమిటి? (సభలోంచి: "జంగిల్ క్లియరెన్స్") అదీ! చెట్టూ చేమా కొట్టేసి, పైమట్టి గీకేసి, గట్టినేల తగిలాక పని మొదలుపెడతాం. నల్లరేగడి అయితే ఇంకాస్త లోతుకు తీసేసి మొరం నింపుతాం. మనకి శత్రువు నీళ్ళు. నీళ్ళు నిలవకుండా చూస్తే సగం గెలిచినట్టే.

అక్కడ ఆ మొదటి ఐటం చేశామా, రోడ్డు పోయినట్టే. భూమి పైన ఒక అడుగో రెండడుగులో నాచు, గడ్డి, పీచులాంటి మెత్తటి పొర ఉంటుంది. ఎండాకాలంలో అది మాత్రమే కరుగుతుంది. దాని కింద మట్టి, ఇసుక, నీళ్ళు కలిసి వేల ఏళ్ళుగా గడ్డకట్టి ఉంటాయి. దాన్ని పెర్మాఫ్రాస్ట్ అంటారు. గడ్డకట్టి ఉన్నంతకాలం రాయిలా మోస్తుంది. పైనున్న నాచుపొర ఎండ వేడి లోపలికి దిగకుండా అడ్డుకుంటుంది. ఆ పొరని బుల్డోజరుతో గీకేస్తే ఎండ నేరుగా తగులుతుంది, కిందిదంతా కరిగి బురదవుతుంది. ఆ బురదకి అడుగంటూ ఉండదు.

ఈ పాఠం వాళ్ళు డబ్బు పోసి నేర్చుకున్నారు. 1942లో, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిన మరుసటి ఏడాది, అమెరికా సైన్యం కెనడా మీదుగా అలాస్కాకి రోడ్డు వేసింది. అలాస్కా హైవే అంటే అదే. మార్చిలో మొదలుపెట్టి అక్టోబరు ఆఖరికల్లా రెండువేల కిలోమీటర్లకి పైగా దారి తొలిచారు. ఆ హడావుడిలో ఉత్తరాన పెర్మాఫ్రాస్ట్ తగిలిన చోట కూడా మామూలు పద్ధతిలోనే నాచు గీకేశారు. నేల కరిగింది, ట్రక్కులు కూరుకుపోయాయి. చివరికి దుంగలు అడ్డంగా పరిచి, వాటి మీద కంకర పోసి బయటపడ్డారు.

డెంప్‌స్టర్ వేసేనాటికి ఆ బుద్ధి వచ్చింది. నేలని ముట్టుకోలేదు. నాచు మీదే, పొదల మీదే కంకర తెచ్చి పోసుకుంటూ వెళ్ళారు. కొన్నిచోట్ల ఆ కట్ట మందం 2.4 మీటర్ల దాకా ఉంటుంది. ఏ బండి బరువుకీ అంత అక్కర్లేదు. ఆ మందమంతా వేడిని ఆపడానికే. ఒకచోట బండి ఆపించి అంచున దిగి చూశాను. కట్ట పైన నిలబడితే రోడ్డుకి అటూ ఇటూ భూమి నడుము లోతులో కనిపించింది. వాలు మీద కంకర వదులుగా జారుతోంది. కింద కట్ట పాదం దగ్గర నాచు మీద చెయ్యి పెట్టి నొక్కితే మణికట్టు దాకా దిగింది, వేళ్ళకి చల్లటి నీళ్ళు తగిలాయి. ఆగస్టు ఎండలో పైన చొక్కా మీదే ఉన్నాను. మా అమ్మాయి పైనుంచి "నాన్నా, అందరూ కొండలకి ఫొటోలు తీస్తుంటే నువ్వు కట్టకి తీస్తున్నావేంటి" అంటూనే ఉంది. ఇదిగో, ఈ ఫొటో అదే.

అసలీ రోడ్డు ఎందుకేశారంటే, చమురు కోసం. 1950ల్లో ఈగిల్ ప్లెయిన్స్ వైపు చమురు, గ్యాసు ఉండొచ్చని వెతుకులాట మొదలైంది. ప్రధానమంత్రి డీఫెన్‌బేకర్ ఉత్తరాది వనరుల దాకా రోడ్లు వేస్తామని 1958 ఎన్నికల్లో చెప్పి గెలిచారు. 1959లో పని మొదలైంది. రెండేళ్ళలో 115 కిలోమీటర్ల దాకా వచ్చి డబ్బులు చాలక ఆగిపోయింది. ఈ కథ మనకేమీ కొత్త కాదు. 1968లో పక్కనే అలాస్కాలో ప్రూడో బే దగ్గర భారీగా చమురు పడేసరికి కెనడా వాళ్ళకి మళ్ళీ హుషారొచ్చింది. పని నత్తనడకన సాగి సాగి, 1979 ఆగస్టు 18న రోడ్డు ప్రారంభమైంది. దేని కోసం వేశారో ఆ చమురు మాత్రం వాళ్ళు అనుకున్నంత రాలేదు. ఇప్పుడు ఆ రోడ్డు మీద తిరిగేది ఊళ్ళకి సరుకు తెచ్చే ట్రక్కులు, అక్కడి జనం, మాలాంటి యాత్రికులు.

ఇక దారి. మొదట కొంత దూరం స్ప్రూస్ అనే సూదాకు చెట్ల అడవి. అది దాటగానే టూంబ్‌స్టోన్ పార్కు వస్తుంది. చెట్లు తగ్గిపోయి లోయ మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. దూరంగా నల్లటి రాతి శిఖరాలు, కత్తితో చెక్కినట్టు. వాటికంటే నన్ను పట్టేసింది లోయ అడుగున ఉన్న రంగు. అక్కడ బర్చ్ అనే చెట్టు మోకాలెత్తు పొదగానే పెరుగుతుంది. ఆగస్టు ఆఖరికి దాని ఆకు ముదురు ఎరుపుకి తిరుగుతుంది, అచ్చం పుల్లగోంగూర కాడ రంగు. విల్లో పొదలు పసుపు. మధ్యమధ్య నాచు లేత ఆకుపచ్చ. ఇది కనుచూపు మేరా పరుచుకుని ఉంటుంది. ఈ రంగులు రెండు మూడు వారాలే. సెప్టెంబరు మధ్యకల్లా రాలిపోతాయి.

ఆ రాత్రి పార్కు క్యాంపులో డేరా వేసుకున్నాం. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి తిండి వాసన వచ్చేదేదీ డేరాలో ఉంచకూడదు. టూత్‌పేస్టు కూడా. అన్నీ ఎలుగులు తెరవలేని ఇనప పెట్టెల్లో పెట్టి గడియ వెయ్యాలి. మా ఆవిడ ఇక్కణ్ణుంచి మోసుకొచ్చిన ఆవకాయ సీసా అందులో పెట్టాం. మా అల్లుడికి టెన్షన్. "మావయ్యా, ఈ వాసన పెట్టె దాటి వస్తుందేమో" అని రెండుసార్లు వెళ్ళి మూత చూసుకొచ్చాడు. మా ఆవిడేమో, "ఎలుగుబంటి ఒక్కసారి తిందంటే మళ్ళీ ఈ చుట్టుపక్కలకి రాదులే, పడుకో బాబూ" అంది. (నవ్వులు)

టూంబ్‌స్టోన్ క్యాంపు దాటాక నార్త్ ఫోర్క్ కనుమ. రోడ్డు మొత్తానికి ఎత్తైన చోటు అదే, సుమారు 1,300 మీటర్లు. ఆ తర్వాత ఒగిల్వీ కొండలు. మంచుయుగంలో కెనడాలో ఎక్కువ భాగం కిలోమీటర్ల మందం మంచు కింద ఉంటే, యూకాన్‌లో ఈ చుట్టుపక్కల చాలా భాగం మంచు పట్టకుండా మిగిలింది. అందుకే ఈ కొండలు హిమానీనదాలు చెక్కిన వాటిలా ఉండవు. గుండ్రటి బూడిదరంగు సున్నపురాయి గుట్టలు, నెత్తిన పాడుబడ్డ కోట బురుజుల్లాంటి రాళ్ళు. ఒక వాగు పొడుగునా రాళ్ళన్నీ తుప్పు ఎరుపు. దాన్ని ఇంజినీర్ క్రీక్ అంటారు. నీళ్ళలో ఇనుము. గంధకం వాసన కూడా కొట్టింది. నాకు పేరు నచ్చింది కాబట్టి చెప్పాను, అంతకుమించి విశేషం లేదు.

అసలు తమాషా ఆ తర్వాతే. కొండ దిగాక ఈగిల్ ప్లెయిన్స్ దాకా రోడ్డు ఒక పొడవాటి గట్టు మీదుగా పోతుంది. అక్కడ దొరికేది షేల్ అనే పలకరాయి. రోడ్డుకి వేసిందీ అదే. దూరం నుంచి కంకర తోలితే ఖర్చు తడిసి మోపెడవుతుంది కదా. ఆ రాయి విరిగితే అంచు బాకులా ఉంటుంది. మా బండి వెనక చక్రం అక్కడే పోయింది. దిగి చూస్తే ట్రెడ్‌లో అరచేయంత పలక నిలువునా దిగబడి ఉంది. మామూలు పంక్చరైతే మేకంత కన్నం ఉంటుంది, ఇది చీలిక. అతికించే పని లేదు. టైరు మారుస్తుండగా అటుగా వచ్చిన ప్రతి బండీ ఆగింది. ఎక్కువేం రావు లెండి, గంటకి నాలుగో ఐదో. అద్దం దించి "అంతా బాగేనా" అని అడగకుండా ఎవరూ వెళ్ళలేదు. ఒక పెద్ద ట్రక్కు డ్రైవరు దిగొచ్చి, మా జాకీ కింద కంకర జారుతోందని తన బండిలోంచి ఒక చెక్కముక్క తెచ్చి పెట్టాడు. పోయేటప్పుడు మాకో సలహా ఇచ్చాడు. రోడ్డు చదును చేసే గ్రేడరు బండి కొత్తగా తిరిగిన చోట గంటకి యాభై దాటొద్దట, ఎందుకంటే గ్రేడరు లోపలి పదును రాళ్ళని పైకి తెస్తుంది. ఎదురుగా ట్రక్కు వస్తుంటే పూర్తిగా పక్కకి తీసి ఆపేయమన్నాడు. లేకపోతే అద్దం పగులుతుంది.

ఈగిల్ ప్లెయిన్స్ ఊరు కాదు. ఒక హోటలు, బంకు, టైర్ల షాపు, అంతే. 1978లో కట్టారు. ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారంటే, అక్కడ గట్టి రాయి పైకే తగులుతుంది, పెర్మాఫ్రాస్ట్ గొడవ లేకుండా పునాది వెయ్యొచ్చు. టైరు కొనుక్కున్నాం. ధర అడక్కండి. అక్కణ్ణుంచి ఇంకో 36 కిలోమీటర్లు వెళ్తే ఆర్కిటిక్ వృత్తం. బోర్డు ఉంది, అందరూ దిగి ఫొటో తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం. గాలికి మా ఆవిడ శాలువా ఎగిరి బోర్డుకి చుట్టుకుంది. ఆ పైన రిచర్డ్‌సన్ కొండల దగ్గర గాలి ఎంత గట్టిగా ఉంటుందంటే, చలికాలంలో ఆ గాలికే తరచు రోడ్డు మూసేస్తారు.

పోర్క్యుపైన్ క్యారిబూ మంద ఈ ప్రాంతంలోనే తిరుగుతుంది. క్యారిబూ అంటే ఒక రకం దుప్పి. 2017 లెక్క ప్రకారం మందలో రెండు లక్షలకి పైగా ఉండేవి. ఎండాకాలం మొదట్లో సముద్రతీరానికి పోయి ఈని, చలికాలానికి ఇటు వస్తాయి. మాకు మంద కనబడలేదు, నాలుగు కనబడ్డాయి. రోడ్డు పక్కన నిలబడి మమ్మల్ని చూసి, ఏమీ లేనట్టు దాటిపోయాయి.

కొండలు దాటి దిగితే పీల్ నది. వంతెన లేదు. పంటు మీద దాటిస్తారు, డబ్బులు తీసుకోరు. రేవు అంటే సిమెంటు కట్టడమేదీ ఉండదు, ఒడ్డున కంకర తోసి చేసిన ర్యాంపు. నీళ్ళు పెరిగినా తగ్గినా మళ్ళీ తోస్తారు. నది అవతల ఫోర్ట్ మెక్‌ఫర్సన్ అనే గ్విచిన్ జాతి వాళ్ళ ఊరు. మేం అక్కడ ఆగింది శ్మశానం కోసం. చెప్తే వింతగా ఉంటుంది, కానీ ఈ రోడ్డు పేరు వెనక కథ ఆ శ్మశానంలోనే ఉంది.

వందేళ్ళ కింద అక్కడి పోలీసులు ఏటా చలికాలంలో డాసన్‌కీ ఈ ఊరికీ మధ్య కుక్కలబండ్ల మీద టపా మోసేవాళ్ళు. 765 కిలోమీటర్లు. 1910 డిసెంబరు 21న ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ ముగ్గురు మనుషులతో ఇక్కణ్ణుంచి డాసన్‌కి బయల్దేరాడు. త్వరగా వెళ్ళాలని బరువు తగ్గించుకున్నాడు. బరువంటే తిండే. దారి చూపడానికి కార్టర్ అనే మాజీ పోలీసుని నమ్ముకున్నాడు. ఆయన ఆ దారిలో నడిచింది ఒక్కసారే, అదీ ఎదురు దిక్కునుంచి. మధ్యలో ఈసా జార్జ్ అనే గ్విచిన్ వేటగాడు కలిస్తే, కొన్ని రోజులు దారి చూపించుకుని, కొత్త సంవత్సరం నాడు కూలి ఇచ్చి పంపేశారు. ఆ తర్వాత దొరకాల్సింది ఫారెస్ట్ క్రీక్ అనే ఒక వాగు మలుపు. దొరకలేదు. రోజుల తరబడి ఒక్కో వాగూ ఎక్కి దిగారు. చలి సున్నాకి నలభై, యాభై డిగ్రీల కింద. జనవరి మధ్యలో వెనక్కి తిరిగారు. తిండి అయిపోయి కుక్కల్ని ఒక్కొక్కటే చంపి తిన్నారు. నలుగురూ చనిపోయారు. ఫిట్జెరాల్డ్ చనిపోయిన చోటు ఈ ఊరికి 40 కిలోమీటర్లే.

ఫిబ్రవరి ఆఖర్లో డాసన్ నుంచి వాళ్ళని వెతకడానికి వెళ్ళినవాడు కార్పొరల్ డెంప్‌స్టర్. ఆయన వెంట చార్లీ స్టీవార్ట్ అనే గ్విచిన్ గైడు ఉన్నాడు. మార్చి 21, 22 తేదీల్లో నాలుగు శవాలూ దొరికాయి. ఆ మీదట దారిలో తిండి నిల్వలు పెట్టడం, స్థానిక గైడు లేకుండా పంపకపోవడం మొదలైంది. రోడ్డుకి డెంప్‌స్టర్ పేరు పెట్టారు. ఈసా జార్జ్‌కీ చార్లీ స్టీవార్ట్‌కీ అంత పేరు రాలేదు.

నేను దీన్ని మామూలు సాహసగాథలా వినలేకపోయాను. మన పనిలో కల్వర్టు డిజైన్ చేసేటప్పుడు అత్యధిక వరద మట్టం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాం? రికార్డు ఉంటే సరే. చాలా వాగులకి ఉండదు. ఊళ్ళో ముసలాయన్ని పట్టుకుని, "తాతా, పెద్ద వానొచ్చినప్పుడు నీళ్ళు ఎంత దాకా వచ్చాయి" అని అడిగితే, ఆయన వేపచెట్టు మొదలు దగ్గర కర్రతో చూపిస్తాడు. దాన్ని లెవెల్ తీసి కాగితం మీద ఎక్కిస్తాం. ఆయన్ని అడగడం నామోషీ అనుకున్నవాడి కల్వర్టు రెండో ఏడు కొట్టుకుపోతుంది. డెంప్‌స్టర్ రోడ్డు వేసేటప్పుడు ఆ పొరపాటు చేయలేదు. దక్షిణపు భాగంలో సర్వే వాళ్ళకి దారి చూపించింది జో హెన్రీ అనే స్థానిక పెద్దాయన. కొండల మధ్య ఎక్కడ గాలి తక్కువ, ఎక్కడ మంచు పేరుకోదు అన్నది అక్కడ వేటాడిన వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

తర్వాత మెకంజీ నది. దానికీ పంటే. గోదావరిలా నిండుగా, బురదరంగులో పోతుంది. ఇంకో 130 కిలోమీటర్లు దాటితే ఇనువిక్. 1950ల్లో ప్రభుత్వం కావాలని కట్టిన ఊరు. అంతకుముందున్న అక్లావిక్ అనే ఊరు నది డెల్టాలో ఉండి వరదల్లో మునుగుతుంటే, కొత్త చోటు చూసి మొదలుపెట్టారు. ఇళ్ళన్నీ కొయ్య స్తంభాల మీదో ఇనప స్తంభాల మీదో నిలబెట్టి ఉంటాయి. ఇంటి వెచ్చదనం నేలకి తగిలితే నేల కరిగి ఇల్లు కుంగుతుంది మరి. నీళ్ళ పైపూ మురుగు పైపూ భూమిలో వెయ్యలేరు కాబట్టి, తగరపు పెట్టెల్లో పెట్టి నేలకి పైన వీధుల్లోనే నడిపించారు. వాటిని దాటడానికి చిన్న చిన్న మెట్లుంటాయి. ఇగ్లూ ఆకారంలో కట్టిన చర్చి ఒకటి ఉంది, అందరూ దాన్నే చూస్తారు. నన్ను ఆకట్టుకుంది మసీదు. ఊళ్ళో కట్టడం ఖరీదని, 2010లో దాన్ని విన్నిపెగ్‌లో కట్టించి, ట్రక్కు మీదా బార్జి మీదా 4,000 కిలోమీటర్లు తెచ్చి దించారు.

ఇనువిక్ నుంచి టక్టోయాక్టక్ రోడ్డు ఎక్కువగా చలికాలాల్లోనే వేశారు. 2014 జనవరిలో రెండు చివర్ల నుంచీ మొదలుపెట్టారు. నేల గడ్డకట్టి ఉన్నప్పుడే దాని మీద గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్ పరిచి, గడ్డకట్టిన కంకరనే తెచ్చి పోశారు. ఎనిమిది వంతెనలు, మూడు వందలకి పైగా కల్వర్టులు. సుమారు 30 కోట్ల డాలర్లు. 2017 నవంబరులో తెరిచారు. అంతకుముందు ఊరి వాళ్ళు చలికాలంలో గడ్డకట్టిన నది మీదా సముద్రం మీదా బళ్ళు తోలేవాళ్ళు. మిగతా కాలమంతా విమానమే.

ఊరు దగ్గర పడుతుంటే చదును నేల మీద కోన్‌లా కొండలు కనిపిస్తాయి. వాటిని పింగోలంటారు. లోపలంతా మంచే. ఒక చెరువు ఎండిపోయాక దాని కింద నానిన ఇసుక చుట్టూరా గడ్డకట్టుకుంటూ వస్తుంది, మధ్యలో చిక్కుకున్న నీళ్ళకి పోయే దారి లేక పైకి నెట్టుకుని గడ్డకడతాయి, దాంతో నేల ఉబ్బుతుంది. అక్కడి ఇబ్యుక్ పింగో 49 మీటర్ల ఎత్తు. ఇంకా ఏటా కొద్ది కొద్దిగా పెరుగుతూనే ఉంది.

ఊరి జనం వెయ్యి లోపు, ఇనువియాలుయిట్ ప్రజలు. సముద్రంలో కాళ్ళు పెట్టాం, రెండు సెకన్లలో తీసేశాం. అక్కడ ఒడ్డు కోసుకుపోతోంది. ఒడ్డు కూడా మంచుతో పట్టి ఉన్న మట్టే కదా. సముద్రంలో మంచు ముందే కరిగిపోతే అలలు ఎక్కువ రోజులు కొడతాయి. అంచున ఉన్న కొన్ని ఇళ్ళని ఎత్తి లోపలికి జరిపారు. ఆ ఇళ్ళు స్తంభాల మీద ఉండబట్టి ఆ మాత్రమైనా వీలైంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ఎప్పుడు వెళ్తే మంచిదని ఒక శ్రోత అడిగారు.)

జూన్ మధ్యలో వెళ్తే ఇనువిక్‌లో సూర్యుడు అస్తమించడు. దాదాపు 56 రోజులు అంతే. కానీ దోమలు. మన దోమలు వాటి ముందు ఎందుకూ కొరగావు. ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా రంగులుంటాయి, దోమలు తగ్గుతాయి, రాత్రి చీకటి పడుతుంది కాబట్టి ధ్రువకాంతులూ కనిపించొచ్చు. చలికాలంలో పంట్లు ఉండవు, నదుల మీద మంచే వంతెన. మధ్యలో రెండు సార్లు, మంచు పట్టేటప్పుడూ విడిపోయేటప్పుడూ, పంటూ ఉండదు వంతెనా ఉండదు. అప్పుడు కొన్ని వారాలు రోడ్డు ఉన్నా లేనట్టే. సరుకు విమానంలో వస్తుంది, ధరలు ఆకాశానికి పోతాయి.

(అంత డబ్బున్న దేశం తారు ఎందుకు వెయ్యలేదని ఇంకొకరు అడిగారు.)

ఇది మన ప్రశ్న! తారు నలుపు కదా, ఎండని తాగుతుంది. ఆ వేడి కట్టలోకి దిగితే కింద మంచు మెత్తబడుతుంది. నేల ఒకచోట కుంగుతుంది, ఇంకోచోట ఉబ్బుతుంది. తారు ఆ కుదుపు తట్టుకోలేక పగులుతుంది. పగిలితే నీళ్ళు దిగుతాయి, ఆ పైన చెప్పక్కర్లేదు. ఇనువిక్ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఓ పది కిలోమీటర్లు తారు ఉంది, మేం దాని మీద ఎక్కగానే హమ్మయ్య అనుకున్నాం, అంతలోనే అలల మీద పడవలా ఊగడం మొదలుపెట్టింది. కంకరైతే కుంగిన చోట ఇంకో నాలుగు లోడ్లు పోసి గ్రేడరు తిప్పుకోవచ్చు. వాళ్ళు చేస్తున్నది అదే, ఏటా, 1979 నుంచి. మన దగ్గర గ్రేడరు డ్రైవరు సెలవు పెడితే ఎవరికీ తెలియదు. అక్కడ మర్నాటికల్లా టైర్ల షాపు వాడికి తెలిసిపోతుంది.